క్యాలిపర్ మార్చాక బ్రేకు ఎందుకు కీచుమంటుంది

విశాఖలో కారు బ్రేకులకు రెండు రకాల పని ఉంటుంది. ఎన్‌ఏడీ కొత్త రోడ్డు నుంచి గాజువాక దాకా, మద్దిలపాలెం నుంచి జగదాంబ దాకా ట్రాఫిక్‌లో అడుగడుగునా పెడల్ మీద కాలు ఆన్చి తీయడం ఒకటి. సెలవు దొరికితే అనంతగిరి మీదుగా అరకు వెళ్లి, ఆ ఘాట్ రోడ్డంతా దిగి రావడం రెండోది. ఈ రెండో పనిని దృష్టిలో పెట్టుకుని కొందరు కారుకు పెద్ద డిస్కులు, నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు వేయిస్తున్నారు. చక్రంతో పాటు తిరిగే డిస్కును ప్యాడ్లతో రెండు వైపుల నుంచి నొక్కి పట్టే భాగమే క్యాలిపర్, ఆయిల్ ఒత్తిడితో ఆ ప్యాడ్లను నెట్టేవి పిస్టన్లు. ఖర్చు వేలు దాటి లక్షల్లోకి పోతుంది. బ్రేకు కూడా నిజంగానే గట్టిగా పడుతుంది. కానీ కొన్నాళ్లకే, సిగ్నల్ దగ్గర బండి నెమ్మదిస్తుంటే పక్కన బైకు మీదవాళ్లు తిరిగి చూసేంత కీచు మొదలవుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే ప్యాడ్లను ఎమరీ పేపర్‌తో రుద్ది, వెనకాల కాస్త గ్రీజు పూసి పంపిస్తారు. శబ్దం పోతుంది. వారం తిరక్కుండా మళ్లీ వస్తుంది.

ఇలా జరిగినప్పుడు చాలామంది క్యాలిపర్ నాసిరకమని, లేదా డూప్లికేట్ అంటగట్టారని అనుకుంటారు. అది నిజమయ్యే సందర్భాలు తక్కువ. కంపెనీ నుంచి వచ్చిన బ్రేకు నిశ్శబ్దంగా ఉండటం దానంతట అది జరిగింది కాదు. ఆ నిశ్శబ్దం కోసం ప్యాడు వెనక రేకు దగ్గర్నుంచి క్యాలిపర్ పిన్నుల మీది రబ్బరు దాకా ఎన్నో ఏర్పాట్లు చేసి పెట్టారు. పాత క్యాలిపర్‌తో పాటు ఆ ఏర్పాట్లలో సగం ఊడిపోయాయి. ఏవి పోయాయో గుర్తించి వాటి స్థానంలో మళ్లీ ఏదో ఒకటి పెట్టేదాకా, ఎన్ని ప్యాడ్లు మార్చినా డబ్బు దండగే.

బ్రేకు కీచుమనడానికి మూలం ఒరిపిడి వల్ల పుట్టే కంపనం. తిరిగే డిస్కును ప్యాడు నొక్కినప్పుడు రెండూ ఒకే తీరుగా జారవు. ప్యాడు ఒక క్షణం అంటుకుంటుంది, మరుక్షణం జారుతుంది. వయొలిన్ తీగ మీద కమాను చేసేదీ ఇదే. పైగా డిస్కుకు, ప్యాడుకు, క్యాలిపర్‌కు వేటి సహజ కంపనాలు వాటికి ఉంటాయి. వాటిలో రెండింటి కంపన వేగాలు దగ్గర దగ్గరగా వస్తే ఒకటి రెండోదాన్ని రెచ్చగొడుతుంది. చక్రం తిరిగే శక్తిలో ఒక చిన్న పాయ ఆ కంపనంలోకి మళ్లుతుంది. అంత పెద్ద డిస్కు కంపిస్తే చుట్టూ ఉన్న గాలి కూడా కంపిస్తుంది. సాధారణంగా కీచు అనిపించేది సెకనుకు 1,000 నుంచి 16,000 సార్ల మధ్య ఉండే కంపనం. మనిషి చెవి 2,000 నుంచి 5,000 మధ్య శబ్దాలను బాగా పసిగడుతుంది. అందుకే బ్రేకు నుంచి వచ్చేది చిన్న శబ్దమైనా చెవిలో గుచ్చుకుంటుంది.

దీంట్లో రోగ నిర్ధారణకు పనికొచ్చే విషయం ఒకటుంది. కీచు స్థాయి డిస్కు సహజ కంపనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బండి వేగం తగ్గినా శ్రుతి పెద్దగా మారదు. ముప్పై కిలోమీటర్ల వేగంలో ఎలా ఉందో పది దగ్గరా అలాగే వినిపిస్తుంది. అలా కాకుండా చక్రం తిరిగే కొద్దీ ‘కిచ్, కిచ్, కిచ్’ అంటూ, వేగం తగ్గితే నెమ్మదిస్తూ వస్తే అది వేరే జబ్బు. డిస్కు వంకరగా తిరుగుతుండవచ్చు, వెనకున్న పల్చటి రేకు తగులుతుండవచ్చు, మధ్యలో రాయి ఇరుక్కుని ఉండవచ్చు. షెడ్డుకు వెళ్లేముందు ఈ తేడా గమనించి చెప్పగలిగితే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

డిస్కు బ్రేకు పుట్టిన రోజు నుంచీ ఈ గోల ఉంది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో డిస్కు బ్రేకుకు పేటెంట్ తీసుకున్నాడు. ఆయన ప్యాడ్లకు రాగి వాడాడు. లోహం మీద లోహం రాసుకుని భరించలేనంత కీచుమనేది. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన రాగి బదులు ఆస్‌బెస్టాస్ లైనింగు వేయొచ్చని చూపించాకే శబ్దం అదుపులోకి వచ్చింది. ఆస్‌బెస్టాస్ ఊపిరితిత్తులకు ప్రమాదమని తేలాక దాన్నీ వదిలేశారు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్యాడు మిశ్రమంలోనూ పట్టు, మన్నిక, నిశ్శబ్దం అనే మూడింటి మధ్య బేరం నడుస్తూనే ఉంది. మూడూ పూర్తిగా ఇచ్చే ప్యాడు ఇప్పటికీ లేదు.

ఇక మామూలు కారులో ఉండే క్యాలిపర్ సంగతి. మన రోడ్ల మీద తిరిగే కార్లలో ఎక్కువగా ఉండేది ఫ్లోటింగ్ రకం. లోపలి వైపు ఒకే పిస్టన్ ఉంటుంది. అది లోపలి ప్యాడును డిస్కుకు నొక్కుతుంది, ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం రెండు స్లైడర్ పిన్నుల మీద వెనక్కి జరిగి బయటి ప్యాడును లాగి నొక్కుతుంది. ఆ పిన్నుల చుట్టూ గ్రీజు ఉంటుంది, కొన్నింటికి రబ్బరు తొడుగు ఉంటుంది. ప్యాడు వీపుకు రబ్బరు, స్టీలు పొరలు కలిపి అతికించిన షిమ్ ఉంటుంది. ప్యాడు చివర్లు ఏటవాలుగా చెక్కి ఉంటాయి. బ్రాకెట్‌లో ప్యాడు చెవులు కూర్చునే చోట స్ప్రింగు క్లిప్పులు ఉంటాయి. ఇవన్నీ కంపనాన్ని మింగడానికో, ఒక భాగం నుంచి ఇంకో భాగానికి పాకకుండా ఆపడానికో పెట్టినవే. కొత్త మోడల్ బ్రేకును మార్కెట్లోకి వదిలేముందు శబ్దం కోసమే యంత్రం మీద వెయ్యికి పైగా సార్లు రకరకాల వేడి, ఒత్తిడి, వేగాల్లో బ్రేకు వేసి చూస్తారు. దీనికి వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ ఇచ్చిన జె2521 అనే ప్రామాణిక పద్ధతే ఉంది.

దీన్ని తీసేసి పెట్టే నాలుగు, ఆరు పిస్టన్ల క్యాలిపర్ చాలావరకు ఫిక్స్‌డ్ రకం. రెండు వైపులా పిస్టన్లు ఉంటాయి, క్యాలిపర్ కదలదు, బ్రాకెట్‌తో నేరుగా నకిల్‌కు (చక్రాన్ని మోసే లోహపు భాగానికి) బిగించి ఉంటుంది. దృఢంగా ఉంటుంది, పెడల్ గట్టిగా అనిపిస్తుంది, ప్యాడు ఒత్తిడి సమంగా పడుతుంది. కానీ స్లైడర్ పిన్నులు, వాటి రబ్బరు, గ్రీజు పోయాయి. ప్యాడు రెండు సన్నని పిన్నుల మీద వేలాడుతూ, అటూ ఇటూ కొంచెం ఖాళీతో ఉంటుంది. రివర్స్‌లో వెళ్లి, మళ్లీ ముందుకు కదిలి మొదటిసారి బ్రేకు వేసినప్పుడు ఒక్క ‘టక్’ శబ్దం వస్తుంది. ప్యాడు ఒక అంచు నుంచి రెండో అంచుకు జరిగిందని దాని అర్థం, దానికి టెన్షన్ పడక్కర్లేదు. కానీ ఆ ఖాళీయే కంపనానికి కూడా చోటిస్తుంది. దానికి తోడు పనితీరు కోసం అమ్మే ప్యాడ్లు చాలావాటికి షిమ్ ఉండదు. డిస్కు కూడా పెద్దదైంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో 288 మిల్లీమీటర్ల డిస్కు నుంచి 312కు మారడం అందరికీ తెలిసిన అప్‌గ్రేడే. డిస్కు పెరిగితే వేడిని తట్టుకోవడం పెరుగుతుంది, శబ్దాన్ని బయటికి వెదజల్లే వైశాల్యమూ పెరుగుతుంది.

ఇంతకంటే పెద్ద కారణం ప్యాడు మిశ్రమం. ఘాట్ రోడ్డుకో, ట్రాకుకో చేసిన ప్యాడులో లోహపు పాలు ఎక్కువ. అది వేడెక్కితేనే సరిగ్గా పనిచేస్తుంది. ఆశీలమెట్ట నుంచి సిరిపురం వెళ్లే దూరంలో అది వేడెక్కే అవకాశమే లేదు. చల్లగా ఉన్న గట్టి ప్యాడును నెమ్మదిగా, తేలిగ్గా డిస్కుకు ఆన్చితే కీచు రావడానికి కావలసిన పరిస్థితులన్నీ సమకూరినట్టే. అదే గట్టిగా తొక్కితే శబ్దం మాయమవుతుంది, ఎందుకంటే ఒత్తిడి పెరిగి ప్యాడు కదలడానికి వీల్లేకుండా పోతుంది. సిగ్నల్ దగ్గర మాత్రమే కీచుమనడం, హైవే మీద మౌనంగా ఉండటం ఈ రకం ప్యాడుకు గుర్తు.

ప్యాడు అంచు మీద ముద్రించి ఉండే రెండు ఇంగ్లీషు అక్షరాలు కొనేముందు చూసుకోవాలి. మొదటిది మామూలు వేడిలో పట్టును, రెండోది ఎక్కువ వేడిలో పట్టును చెబుతుంది. ‘ఇ’ అంటే ఒరిపిడి గుణకం 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జి’ అంటే 0.45 నుంచి 0.55. అక్షరం ముందుకు పోయేకొద్దీ పట్టు పెరుగుతుంది, కీచుమనే గుణమూ సాధారణంగా పెరుగుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే కారుకు ‘ఎఫ్ఎఫ్’ చాలు. పెద్ద క్యాలిపర్ కొన్నాం కదా అని దాంతో పాటు రేసింగ్ ప్యాడు కూడా కొనడం తప్పు లెక్క. ఒకే క్యాలిపర్‌కు సరిపోయే ఆకారంలో సెరామిక్, ఆర్గానిక్, సెమీ మెటాలిక్ ప్యాడ్లు దొరుకుతాయి. ఊళ్లో తిరిగే బండికి సెరామిక్ రకం వేస్తే చాలా కేసుల్లో గోల అక్కడే ముగుస్తుంది.

ఇక విశాఖకు ప్రత్యేకమైన సమస్య ఉప్పుగాలి. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, రుషికొండ, భీమిలి వైపు అపార్టుమెంట్లలో బయట పార్క్ చేసిన కారు డిస్కు తెల్లారేసరికి ఎర్రబడుతుంది. డిస్కు పోత ఇనుము కాబట్టి ఇది తప్పదు. ఆ తుప్పు పొర పల్చగా ఉంటుంది, మొదటి మూడు నాలుగు బ్రేకులకు రాసుకుపోతుంది. ఉదయం వీధి చివరిదాకా కీచుమని, తర్వాత రోజంతా నోరెత్తకపోతే అది జబ్బు కాదు. దాని కోసం షెడ్డుకు వెళ్లడం అనవసరం. బండి కడిగాక తడి డిస్కుతో అలాగే నిలబెట్టకుండా, ఒక వీధి తిప్పి రెండు మూడుసార్లు బ్రేకు వేసి ఆరబెడితే ఇది ఇంకా తగ్గుతుంది.

అసలు ప్రమాదం కంటికి కనిపించని చోట ఉంది. ఫిక్స్‌డ్ క్యాలిపర్ ఒళ్లు అల్యూమినియం. కొన్ని రకాల్లో ప్యాడు చెవులు జారే చోట అరగకుండా పల్చటి స్టెయిన్‌లెస్ స్టీలు రేకులను చిన్న స్క్రూలతో బిగిస్తారు. ఉప్పు తేమ ఆ రేకు వెనక్కి చేరితే రెండు వేర్వేరు లోహాల మధ్య రసాయన చర్య మొదలై, అల్యూమినియం తెల్లటి పొడిగా ఉబ్బుతుంది. ఉబ్బిన పొడి రేకును పైకి నెడుతుంది. రేకు అర మిల్లీమీటరు పైకి లేచినా చాలు, ప్యాడుకు ఉండాల్సిన ఖాళీ పోయి బిగుసుకుపోతుంది. బ్రేకు వదిలాక కూడా ప్యాడు వెనక్కి రాదు. ఎప్పుడూ కొంచెం రాసుకుంటూ వేడెక్కి, పైభాగం గాజులా మెరుపు తేలి కీచుమంటుంది. చలిదేశాల్లో మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడి కార్లలో ఇది బాగా తెలిసిన జబ్బు. మన తీరంలో ఆ ఉప్పును గాలే తెస్తుంది.

దీన్ని గుర్తించడం తేలిక. పిన్నులు తీశాక ప్యాడు చేత్తో లాగితే రావాలి. సుత్తితో కొట్టి తీయాల్సి వస్తే రేకు ఉబ్బినట్టే. స్క్రూలు విప్పి రేకు తీసి, వెనకున్న తెల్లపొడిని అల్యూమినియం గీసుకుపోకుండా గీకి, శుభ్రం చేసి కొత్త స్క్రూలతో బిగించాలి. పాత స్క్రూలు తరచూ విరిగిపోతాయి, కాబట్టి ఈ పని ఓపిక ఉన్న మెకానిక్ చేతిలో పెట్టాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ప్యాడు చెవులను గ్రైండర్ మీద అరగదీసి దూర్చడం. దాంతో ఆ రోజుకు పని అవుతుంది. కానీ పొడి పెరుగుతూనే ఉంటుంది, తర్వాత వేసే ప్రతి ప్యాడునూ కోయాల్సి వస్తుంది.

రంగు వల్ల కూడా ఇదే జరుగుతుంది. క్యాలిపర్‌కు ఎరుపో పసుపో స్ప్రే కొట్టించడం ఇప్పుడు మామూలైంది. ప్యాడు కూర్చునే గాడిలో, పిన్ను దూరే రంధ్రంలో, పిస్టన్ రబ్బరు మీద రంగు పడితే ఆ మందం ప్యాడును పట్టేస్తుంది. రంగు వేయించేవాళ్లు ఆ చోట్లన్నీ టేపుతో మూయించుకోవాలి. ఇక మామూలు క్యాలిపర్ మీద అతికించే ప్లాస్టిక్ తొడుగులను అప్‌గ్రేడ్ అనడమే తప్పు. అవి వేడిని పట్టి ఉంచుతాయి, ఊడితే చక్రానికి తగులుతాయి. వాటిని పీకేయడమే మేలు.

బిగింపు లోపాలు తర్వాత చూడాల్సినవి. ఫిక్స్‌డ్ క్యాలిపర్ డిస్కుకు సరిగ్గా మధ్యలో కూర్చోవాలి. ఫ్లోటింగ్ రకం తనంతట తాను సర్దుకుంటుంది, దీనికి ఆ వెసులుబాటు లేదు. అడాప్టర్ బ్రాకెట్ ఒక మిల్లీమీటరు అటో ఇటో ఉంటే ఒకవైపు పిస్టన్లు ఎక్కువ బయటికి వస్తాయి, ప్యాడు ఏటవాలుగా అరుగుతుంది. ప్యాడ్లు తీసి రెండు వైపులా ఖాళీ కొలిచి, బ్రాకెట్ దగ్గర కొలతకు తగ్గ వాషర్లు వేసి సరిచేయాలి. అలాగే ప్యాడు డిస్కు అంచు దాటి బయటికి వస్తోందా అన్నది కూడా చూడాలి. దాటిన భాగం అరగక పెదవిలా మిగిలి, కొన్నాళ్లకు డిస్కు అంచును పక్కనుంచి గీకుతుంది. ప్యాడు మీద మార్కర్‌తో గీతలు గీసి నాలుగు బ్రేకులు వేసి తీసి చూస్తే ఎక్కడ ఆనుతోందో, ఎక్కడ ఆనడం లేదో వెంటనే తెలుస్తుంది. ఖరీదైన పరికరం అవసరం లేని ఈ పరీక్ష ఎంతమంది చేస్తున్నారన్నది అనుమానమే.

ఎడమ, కుడి క్యాలిపర్లు తారుమారు కావడం వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ జరుగుతుంది. కొన్ని క్యాలిపర్లలో పిస్టన్లన్నీ ఒకే సైజులో ఉండవు. డిస్కు ముందుగా ప్రవేశించే వైపు చిన్న పిస్టన్, బయటికి పోయే వైపు పెద్దది పెడతారు, ప్యాడు సమంగా అరగాలని. తారుమారైతే ప్యాడు ముందు అంచు ఎక్కువ నొక్కుకుని అక్కడి నుంచే కీచు పుడుతుంది. గాలి తీసే నిపుల్ పైకి ఉందో లేదో చూస్తే తేలిపోతుంది. అది కింద ఉంటే గాలి ఎన్నటికీ పూర్తిగా బయటికి రాదు, పెడల్ మెత్తబడుతుంది. కీచు కంటే అది చాలా పెద్ద ముప్పు.

డిస్కు వంకర విషయంలో హబ్ (డిస్కు, చక్రం బిగించే మధ్య భాగం) మీద తుప్పే ఎక్కువసార్లు దోషి. కొత్త డిస్కును తుప్పు పట్టిన హబ్ ముఖం మీద పెట్టి బోల్టులు బిగిస్తే డిస్కు ఒక పక్కకు ఒరుగుతుంది. వైర్ బ్రష్‌తో హబ్‌ను మెరిసేలా రుద్దాకే డిస్కు ఎక్కించాలి. డయల్ గేజి పెట్టి తిప్పితే ఊగిసలాట చాలా కార్లలో 0.05 మిల్లీమీటరు దరిదాపుల్లోనే ఉండాలి. వెంట్రుక మందం కంటే తక్కువ అది, కంటికి తెలియదు. గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాళ్లకు కొదవ లేదు కాబట్టి డయల్ గేజి దొరకడం కష్టం కాదు. లేత్ మీద డిస్కును సాపు చేయించేటప్పుడు మాత్రం డిస్కు మీద ముద్రించిన కనీస మందం కిందికి పోకూడదు. చక్రం బోల్టులను ఎయిర్ గన్‌తో ఇష్టం వచ్చినట్టు బిగించినా డిస్కు ఒరుగుతుంది. ఎదురెదురుగా, టార్క్ రెంచితో, కారు పుస్తకంలో ఉన్న లెక్కకే బిగించాలి.

ఇక గ్రీజు. బ్రేకు శబ్దానికి గ్రీజు మందు అన్న నమ్మకం సగం నిజం, సగం అపాయం. ప్యాడు వీపు రేకు పిస్టన్‌కు తగిలే చోట, చెవులు గాడిలో జారే చోట పల్చటి పూత సాయపడుతుంది. అది బ్రేకుల కోసమే చేసిన, వేడికి కరగని సెరామిక్ పేస్టు అయి ఉండాలి. రాగి కలిసిన పేస్టు అల్యూమినియం క్యాలిపర్‌కు మంచిది కాదు, ఉప్పుగాలి ఉన్న చోట లోహాల మధ్య చర్యను అది ఇంకా పెంచుతుంది. బేరింగులకు వాడే మామూలు గ్రీజు అసలే వద్దు. పెట్రోలియం నూనె తగిలితే పిస్టన్ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. స్లైడర్ పిన్నులున్న వెనక క్యాలిపర్లకు సిలికాన్ గ్రీజు వాడాలి. ప్యాడు ముఖానికి, డిస్కుకు ఏ జిడ్డూ తగలకూడదు. తుప్పు వదిలించే స్ప్రేను డిస్కు మీద కొడితే కీచు ఆగిపోవడం నిజమే. బ్రేకు కూడా ఆగిపోతుంది. జిడ్డు పీల్చుకున్న ప్యాడును కాల్చి, రుద్ది మళ్లీ వాడేబదులు పారేయాలి. శుభ్రం చేయడానికి బ్రేక్ క్లీనర్ వాడాలి, కిరోసిన్, డీజిల్ కాదు. బ్రేకు దుమ్మును ఎయిర్ పైపుతో ఊదే అలవాటు కూడా మానుకోవాలి. తడిగుడ్డతో తుడిస్తే అది పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోదు.

షిమ్‌ల గురించి అంత చెప్పనక్కర్లేదు. ప్యాడుకు షిమ్ లేకపోతే ప్యాడు ఆకారానికి సరిపోయేది విడిగా కొని అతికించాలి. రబ్బరు, స్టీలు పొరలున్న షిమ్ కంపనం ప్యాడు నుంచి పిస్టన్‌కు పాకకుండా ఆపుతుంది. పోయిన నిశ్శబ్దాన్ని తక్కువ ఖర్చులో వెనక్కి తెచ్చేది ఇదే. అయితే క్యాలిపర్‌లో ఆ మందానికి చోటుందో లేదో చూసుకోవాలి, బలవంతంగా దూర్చకూడదు. ప్యాడు పైనుండే స్ప్రింగు క్లిప్పును పాతది వంచి వాడకుండా కొత్తది వేయాలి. ప్యాడు రెండు చివర్లు నిటారుగా ఉంటే కొన్ని మిల్లీమీటర్ల మేర ఏటవాలుగా ఆకురాయితో చెక్కవచ్చు. ముందు అంచు డిస్కును కొరికినట్టు పట్టుకోవడం తగ్గుతుంది. ప్యాడు కంపెనీ ఇప్పటికే చెక్కి పంపిన వాటిని మాత్రం ముట్టుకోకూడదు.

కొత్త ప్యాడు, కొత్త డిస్కు వేశాక బెడ్డింగ్, అంటే ప్యాడును డిస్కుకు అలవాటు చేసే పని, చేయకపోవడం వల్ల వచ్చే కీచు ఎంతో ఉంటుంది. ప్యాడు పదార్థం పల్చటి పొరగా డిస్కు మీద సమంగా పరుచుకుంటేనే బ్రేకు సాఫీగా పట్టుకుంటుంది. ప్యాడు కంపెనీ చెప్పిన పద్ధతి ఉంటే అదే పాటించాలి. సాధారణంగా 60 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆగకుండా, మధ్యస్థంగా బ్రేకు వేస్తూ ఎనిమిది, పదిసార్లు తగ్గించాలి. తర్వాత బ్రేకు ముట్టుకోకుండా కొంతదూరం నడిపి చల్లారనివ్వాలి. వేడి మీదున్నప్పుడు పెడల్ తొక్కిపట్టి నిలబడితే ఒకేచోట ప్యాడు ముద్ర పడిపోతుంది. దీనికి బీచ్ రోడ్డు ఎంచుకోవద్దు, తెల్లవారుజామున అక్కడ నడకకు వచ్చేవాళ్లు ఎక్కువ. వెనక వాహనాలు లేని, రెండు వైపులా దూరం కనిపించే రోడ్డు కావాలి.

ఘాట్ దిగి వచ్చిన మర్నాడు మొదలయ్యే కీచు వేరు. 1,200 కిలోల బండి సుమారు 900 మీటర్ల ఎత్తు నుంచి దిగితే కోటికి పైగా జౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. అదే బండిని 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆపడానికి దాదాపు నాలుగు లక్షల అరవై వేల జౌళ్లు. అంటే అరకు నుంచి మైదానానికి దిగడమంటే అలాంటి ఇరవై మూడు బ్రేకుల పని. గాలి, టైర్లు కొంత పంచుకున్నా, న్యూట్రల్‌లోనో టాప్ గేర్‌లోనో దిగితే మిగతాదంతా డిస్కుల మీదే పడుతుంది. ప్యాడు పైపొర మాడి గాజులా తయారవుతుంది. పెద్ద క్యాలిపర్ ఉందన్న ధీమాతో ఇంజిన్ బ్రేకింగ్ మానేసేవాళ్లకే ఇది ఎక్కువ. రెండో, మూడో గేర్‌లో దిగి, మలుపు ముందు కాసేపు గట్టిగా బ్రేకు వేసి వదిలేయడం సరైన పద్ధతి. దిగగానే వేడి డిస్కుల మీద నీళ్లు కొట్టి బండి కడిగించడం కూడా మంచిది కాదు, ఒక్కసారిగా చల్లబడితే డిస్కు వంగవచ్చు, పగుళ్లు రావచ్చు. పైపొర మాత్రమే మాడితే ఎమరీ పేపర్‌తో తీసి మళ్లీ బెడ్డింగ్ చేయవచ్చు. లోపలిదాకా మాడి అంచులు రాలుతుంటే మార్చాలి.

ఘాట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి బ్రేక్ ఆయిల్ సంగతి కూడా. క్యాలిపర్ మార్చినప్పుడు ఆయిల్ ఎలాగూ మారుస్తారు, డాట్ 4 రకం వేయించుకోవాలి. కొత్తగా ఉన్నప్పుడు అది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. సముద్రపు తేమలో రెండేళ్లకొకసారి మార్చడం అతి జాగ్రత్త కాదు.

విదేశీ కార్ల నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ క్యాలిపర్లు కొన్నవాళ్లు ఇంకో అడుగు ముందుకేయాలి. పిస్టన్ చుట్టూ ఉండే చదరపు రబ్బరు రింగు బ్రేకు వేసినప్పుడు కొద్దిగా సాగి, వదిలినప్పుడు పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. ఏళ్ల తరబడి అరల్లో పడున్న క్యాలిపర్‌లో ఆ రబ్బరు గట్టిపడి ఉంటుంది. ప్యాడు వెనక్కి రాదు. ఒకవైపు చక్రం ఎప్పుడూ ఎక్కువ వేడిగా ఉంటే ఇదే అనుమానించాలి. సీల్ కిట్ (కొత్త రబ్బరు రింగుల సెట్) వేయకుండా అలాంటి క్యాలిపర్ బిగించడమంటే ప్రాణాలతో చెలగాటమే.

కొన్ని శబ్దాలకు వెతుకులాట కాదు, బండి ఆపేయడమే సరి. ఇనుము ఇనుముతో రాసుకుంటున్నట్టు గరగర వచ్చినా, బ్రేకు వేస్తే బండి ఒకవైపు లాగినా, పెడల్ కిందికి దిగిపోతున్నా, మాడిన వాసన వచ్చినా అదే రోజు చూపించాలి. కంపెనీ ప్యాడ్లకు చాలావాటికి చిన్న లోహపు నాలుక ఉంటుంది, ప్యాడు రెండు మూడు మిల్లీమీటర్లకు అరిగితే అది డిస్కుకు తగిలి కీచుమని హెచ్చరిస్తుంది. పెద్ద క్యాలిపర్ల ప్యాడ్లలో చాలావాటికి ఆ నాలుక లేదు. మందం కంటితోనే చూసుకోవాలి.

అసలు ఈ మార్పు అవసరమా అన్నది విడిగా ఆలోచించాల్సిన విషయం. కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది చివరికి టైరు పట్టును బట్టి ఉంటుంది. మామూలు బ్రేకే చక్రాన్ని పట్టేసి ఏబీఎస్ (చక్రం పూర్తిగా బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) పనిచేసేదాకా తేగలిగితే, ఒక్కసారి ఆపడంలో పెద్ద క్యాలిపర్ అదనంగా ఇచ్చేది తక్కువ. పదేపదే బ్రేకు వేసినప్పుడు వేడి తట్టుకోవడమే దాని అసలు లాభం. ముందు పిస్టన్ల వైశాల్యం బాగా పెరిగి వెనకవి అలాగే ఉంటే ముందు వెనకల సమతూకం చెడి, ఆగే దూరం పెరిగే ప్రమాదం కూడా ఉంది. వారానికి ఆరు రోజులు ఊళ్లో, ఎప్పుడో ఒకసారి అరకు వెళ్లే బండికి మంచి టైర్లు, మంచి ప్యాడ్లు, తాజా బ్రేక్ ఆయిల్ చాలు. ఈ మాట క్యాలిపర్ అమ్మేవాళ్లు చెప్పరు, షెడ్డు వాళ్లు చెప్పాలి.

ఇప్పటికే వేయించినవాళ్లు మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ సంగతి తెలుసుకుని ఉండాలి. కంపెనీ మొదట నిర్దేశించినదానికి, ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చడాన్ని అది నిషేధిస్తుంది. మార్పు గురించి ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాతపూర్వకంగా తెలియజేసి జవాబు తీసుకోవడం మంచిది. కారు అమ్మేటప్పుడు, ఫిట్‌నెస్‌కు వెళ్లేటప్పుడు పాత బ్రేకులు తిరిగి బిగించాల్సి రావచ్చు. కాబట్టి విప్పిన క్యాలిపర్లను పాత ఇనుముకు వేయకూడదు. బాగా ఆరబెట్టి, ఆయిల్ పైపు రంధ్రానికి మూత పెట్టి, పిస్టన్లు లోపలికి నొక్కి, స్లైడర్ పిన్నులకు సిలికాన్ గ్రీజు పూసి, గాలి తగలని ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెట్టుకోవాలి. వాటి షిమ్‌లు, స్ప్రింగు క్లిప్పులు, బ్రాకెట్ బోల్టులు కూడా అదే సంచిలో ఉండాలి.